నీలం టబ్బుకు పోయిన గొంతు

చచ్చిపోయిన పెండ్లాం చెర్లోపల్లి వీధుల్లో ప్లాస్టిక్ బిందెలు అమ్ముతోందని ఓబన్నకు చెప్పినవాడు గంగప్ప.

చెప్పడం కూడా ఏదో పెళ్లి కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు. కంబదూరు బస్టాండు పక్క హోటల్లో ఓబన్న ఉగ్గాని ప్లేటు ముందర పెట్టుకుని, మిరపకాయ బజ్జీని తోక వైపు నుంచి కొరకాలా తల వైపు నుంచి కొరకాలా అని ఆలోచిస్తున్నాడు. గంగప్ప గొర్రెల బేరగాడు. సంతలు తిరిగే మనిషి కాబట్టి నాలుగు మండలాల సంగతులూ అతని దగ్గర ఉంటాయి. ఎదురు బెంచీ మీద కూర్చుని, టీ చెప్పి, తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు.

"మామా, నిన్న అత్త కనపడింది."

"ఏ అత్తప్పా?"

"ఏ అత్తేంది, నీ పెండ్లాం. సుంకమ్మత్త. కనపడలేదులే, వినపడింది. చెర్లోపల్లిలో బిందెలమ్ముతాండాది."

ఓబన్న బజ్జీని ప్లేట్లో పెట్టేశాడు. "గంగా, ఆయమ్మ పోయి ఏడాది దాటిపాయ."

"నాకు తెలీదా మామా. పాడె ముందర పక్క మోసింది నేనే గదా. భుజం ఇంగా నొస్తాది." గంగప్ప భుజం తడుముకుని చూపించాడు కూడా. "గొంతు మాత్రం ఆమెదే. బొరుగులో బొరుగులంటా వీధమ్మడి పోతాంది. తొంగి చూస్తే బండి నిండా బిందెలు, చెంబులు, టబ్బులు. నాకూ అనుమానమే అనుకో. కడాకు నిన్ను తిట్టింది. ఇంగ అనుమానం యాడిది?"

ఓబన్న లేచాడు. ఉగ్గాని అలాగే ఉండిపోయింది. గంగప్ప ఒక క్షణం మర్యాదకు ఆగి, ప్లేటు తన ముందుకు లాక్కున్నాడు.

ఓబన్న, సుంకమ్మ బొరుగులు, అంటే మరమరాలు, అమ్మి బతికినవాళ్లు. ఈ జిల్లాలో వాన లేకుండా ఏళ్లు గడుస్తాయి గానీ బొరుగులు లేకుండా ఒక పూట గడవదు. నానేసి తాలింపు పెట్టే ఉగ్గానికి బొరుగులు, జాతరకు బొరుగులు, జ్వరమొచ్చి లేచినవాడికి బొరుగులు. కళ్యాణదుర్గంలో బట్టీ దగ్గర మూటలు వేసుకుని ఇద్దరూ టీవీఎస్ బండి మీద పల్లెలు తిరిగేవాళ్లు. ముందు ఓబన్న. వెనక అటో మూట, ఇటో మూట, మధ్యలో సుంకమ్మ. దూరం నుంచి చూస్తే మూటల మధ్యన తల ఒక్కటే కనపడేది. తల కంటే ముందు నోరు వినపడేది.

ఏళ్ల తరబడి ఒట్టి నోటితోనే కేక పెట్టింది. గొంతు బొంగురుపోయాక గుంతకల్లులో రైల్వే స్టేషను దగ్గర ఒక మైకు డబ్బా కొన్నారు. ఒక్కసారి మాట అందులో ఎక్కిస్తే చాలు, పొద్దస్తమానం అదే అరుస్తుంది. ఎక్కించే రోజున సుంకమ్మ తలకు పోసుకుని, కొత్త చీర కట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు వాకిట్లో కూర్చుంది. బటన్ ముట్టుకోబోతే ఓబన్న చెయ్యి మీద ఒకటి వేసింది. "నీ చెయ్యి పడితే ఏదీ బతకదు. నేనే వొత్తుకుంటా." మొదటిసారి కోడి అడ్డమొచ్చింది. రెండోసారి పక్కింటి మేక. మూడోసారి కేక మొత్తం బ్రహ్మాండంగా వచ్చింది, కానీ బటన్ మీంచి వేలు తీయడం మరిచి ఓబన్న వైపు తిరిగి అంది: "యోవ్, చాల్లే. నోరెండిపాయ. నీళ్లు తీస్కరా."

అది కూడా ఎక్కిపోయింది.

తీసేసి మళ్లీ ఎక్కించమని ఓబన్న బతిమాలాడు. "ఉండనీలే. కడాదాకా ఎవురు వింటారు?" అంది సుంకమ్మ. అందరూ కడదాకా విన్నారు. ఓబన్నను నీళ్లు తెమ్మని పురమాయించడం ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ ఏళ్ల తరబడి విన్నాయి. పెళ్లిళ్లలో తెలియనివాళ్లు కూడా "నీళ్లు తెచ్చినావా అన్నా" అని పలకరించేవాళ్లు. తమాషా ఏమంటే, డబ్బా ఆ మాట అన్నప్పుడల్లా ఓబన్న నిజంగానే బండి హ్యాండిలుకు తగిలించిన సంచిలోంచి బాటిలు తీసి వెనక్కి ఇచ్చేవాడు. సుంకమ్మ ఒక గుక్క తాగి, "ఇవేం నీళ్లు, కాగినాయి" అనేది. ఆ ముక్క డబ్బాలో లేదు, నోటితోనే అనేది. బాటిలుకు తడిగుడ్డ చుట్టినా అదే మాట.

పోయిన ఏడాది ఎండాకాలంలో జ్వరమని అనంతపురం పెద్దాసుపత్రికి బస్సులో పోయిన సుంకమ్మ అంబులెన్సులో తిరిగొచ్చింది.

దివసాలకు గుత్తి నుంచి ఓబన్న అక్క రామక్క దిగింది. పోయినవాళ్లు వాడిన వస్తువు ఇంట్లో ఉంటే దానికోసం వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారని వీళ్ల ఇండ్లల్లో పట్టింపు. చీరలు పోయాయి. చాప పోయింది. దువ్వెన, వక్కాకు తిత్తి, తాగే చెంబు అన్నీ పోయాయి. రామక్క చీపురు పట్టినట్టే ఇల్లంతా చూసుకుంటూ వచ్చి, చివరికి మేకుకు వేలాడుతున్న మైకు డబ్బా ముందు నిలబడింది.

"అది నాదక్కా. నేను కొనింది" అన్నాడు ఓబన్న.

"డబ్బా నీదే. లోపలుండే నోరెవరిది?"

దివసానికొచ్చిన మగవాళ్లందరూ ఆలోచనలో పడ్డారు. చీర, చాప అయితే పెద్దలు చెప్పినవి ఉన్నాయి, మైకు డబ్బా గురించి ఏ పెద్దలూ ఏమీ చెప్పిపోలేదు. కుల పెద్ద చెన్నప్ప బీడీ ఆరిపోయేదాకా ఆలోచించి, "నోరు ఆయమ్మదే గదప్పా. ఆయమ్మ వాడిందే గదా అది" అని తేల్చాడు. సరిగ్గా అప్పుడే పాత సామాన్లకు కొత్త ప్లాస్టిక్ ఇచ్చే ఆటో ఒకటి వీధిలోకి వచ్చింది. రామక్క డబ్బా తీసుకుపోయి దాంట్లో పడేసి, ఒక నీలం రంగు టబ్బు పట్టుకొచ్చింది. "నష్టమేం లేదు, దిట్టంగుండాది" అని తట్టి చూపించింది కూడా.

ఆ రోజు ఓబన్న ఏమీ అనలేదు. ఏడ్చే పనిలో ఉన్నాడు.

పోయిందేమిటో తర్వాత తెలిసింది. బొరుగుల వ్యాపారం మానేసి, కొండ మీద గాలిమర కింద కాపలాకు కుదిరాడు. పగలంతా నెత్తిన గుయ్యిమని రెక్కలు తిరుగుతుంటే రాతి మీద కూర్చునేవాడు. కునుకు పడితే సుంకమ్మ కలలోకి వచ్చేది. పట్టింపు ప్రకారం రాకూడదు, అయినా వచ్చేది. వచ్చి నోరు కదిపేది. మాట మాత్రం వినపడేది కాదు. బతికినన్నాళ్లూ "రవ్వంతసేపు నోరు మూసుకో తల్లీ" అని దండం పెట్టినవాడు కలలో "గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు" అని అరిచేవాడు. మెలకువలో గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకుంటే రామక్క గొంతు వచ్చేది. దానికి ఉలిక్కిపడి కళ్లు తెరిచేవాడు.

ఫోటోలున్నాయి. గొంతు లేదు. ఉన్నది ఒక్కటే బటన్ల ఫోను, ఎప్పుడూ ఒకే బండి మీద తిరిగినవాళ్లకు ఒకరికొకరు ఫోను చేసుకునే అవసరం రాలేదు. మేనకోడలి పెళ్లి వీడియో ఒకటి తెచ్చి వేయించుకుని చూశాడు. అందులో సుంకమ్మ ఎక్కడ కనపడినా బాగా తింటూ కనపడింది.

అందుకే ఉగ్గాని వదిలేసి పరుగు తీశాడు. ఇంటికి పోయి, టబ్బులో నీళ్లు పారబోసి, దాన్ని బోర్లించి టీవీఎస్ వెనక తాడుతో కట్టాడు. ఇందులో ఆయనకు అనుమానమేమీ లేదు. డబ్బా ఇచ్చి టబ్బు తెచ్చుకున్నారు. టబ్బు ఇచ్చి డబ్బా తెచ్చుకోవాలి.

చెర్లోపల్లి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద ముసలాయన కూర్చుని తనకు తానే విసురుకుంటున్నాడు.

"అన్నా, బొరుగులంటా అరుచుకుంటా బిందెలమ్మే బండి ఈ పక్క వచ్చిందా?"

"యాల రాలేదు, నిన్ననే వచ్చిపాయ. మా కోడలు బొరుగులకని గిన్నె పట్టుకోని పోయింది, బకెట్టు పట్టుకోని వచ్చింది. గిన్నె గూడా వానికే ఇచ్చొచ్చింది." ముసలాయన విసనకర్ర ఆపి టబ్బు వైపు చూశాడు. "నువ్వేమి, టబ్బులమ్ముతావా?"

"అమ్మేది కాదు."

"మరి యాలప్పా ఊరేగిస్తాండావు?"

దానికి సమాధానం పొడుగ్గా ఉంది. ఓబన్న నమస్కారం పెట్టి బండి తిప్పాడు. ఆ బిందెలాయన ఈ రోజు గుండ్లపల్లి పక్కకు పోయి ఉంటాడని బడి దగ్గర ఎవరో చెప్పారు. గుండ్లపల్లి దారి దారి కాదు, బండకు బండకు మధ్య ఖాళీ. ప్రతి గతుకుకూ టబ్బు ఎగిరి ఓబన్న వీపు మీద ఒకటి చరిచేది. సుంకమ్మ కూడా అంతే, గతుకు వచ్చినప్పుడల్లా ఆయన్నే చరిచేది, దారి ఆయనే తవ్వినట్టు.

ఊరి మొదట్లో, నీళ్ల ట్యాంకు దగ్గర, వినపడింది.

"బొరుగులో... బొరుగు... లూ. కరకరమనే బొరుగులూ. పండ్లుండే వాళ్లూ రాండి, పండ్లూడిన వాళ్లూ రాండి. ఉగ్గానికి బొరుగులో..."

ఓబన్న బ్రేకు వేయలేదు. బండి దానంతట అది ఆగింది. రెండు కాళ్లూ నేల మీద పెట్టి, ఇంజను టకటకమంటుంటే, వీధి మధ్యలో అలాగే ఉండిపోయాడు. కేక మలుపు తిరిగి, గోడలకు తగిలి, ఇంకా దగ్గరికి వచ్చింది. "యోవ్, చాల్లే. నోరెండిపాయ. నీళ్లు తీస్కరా."

ఆయన చెయ్యి హ్యాండిలు మీదికి పోయింది. అక్కడ సంచి లేదు, బాటిలు లేదు. చెయ్యి గాలిలోనే ఆగింది.

మలుపులోంచి వచ్చింది ఆటోనే, కానీ ఆటో కనపడటం లేదు. బిందెలు, బకెట్లు, మగ్గులు, కుర్చీలు రంగురంగులుగా వేలాడుతూ, వాటి కింద ఎక్కడో మూడు చక్రాలున్నాయి. నడిపేవాడు ముప్పై ఏళ్లవాడు, మెడలో చిన్న సిలువ. పేరు జాకబ్ అని ఆటో అద్దం మీదే రాసి ఉంది. అతను మొదట ఓబన్నను చూడలేదు, టబ్బును చూశాడు.

"పగిలితే నాకు సంబంధం లేదు పెద్దాయనా. తీసుకునేటప్పుడే తట్టి చూసుకోవల్ల."

"పగల్లేదు."

"మరేంటికి తెచ్చినావు?"

"వాపసు తీస్కో. నా పెండ్లామును నాకిచ్చేయ్."

మగ్గులు ఏరుకుంటున్న ఆడవాళ్లు ముగ్గురు తలలెత్తారు. జాకబ్ వాళ్లవైపు చూసి, గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, నాకు పెండ్లయింది. మా పాస్టరు గారిని అడుగు. నేను ఎవరి పెండ్లామునూ తెచ్చుకోలే."

ఓబన్న చెయ్యెత్తి ఆటో పైన కట్టిన మైకు డబ్బాను చూపించాడు. అది మళ్లీ మొదలుపెట్టింది. పండ్లుండే వాళ్లూ రాండి. జాకబ్ దాన్ని చూశాడు, ఓబన్నను చూశాడు. చెయ్యి పైకి చాపి దాన్ని ఆపేశాడు. ఆటో దిగి, చెప్పులు సరిగా వేసుకుని, దగ్గరికి వచ్చి, ఓబన్నను పైనుంచి కిందికి చూశాడు.

"యోవ్ అంటే నువ్వేనా?"

ఓబన్న తలకాయ ఊపాడు.

"అక్కా, రాండి రాండి. ఈయప్పే యోవ్." జాకబ్ ఆ ఆడవాళ్లకు చెప్పాడు. వాళ్లు మగ్గులు పక్కన పెట్టి వచ్చారు. కొత్త అల్లుణ్ని చూసినట్టు చూశారు. ఒకామె కొంచెం నిరాశగా, "పొడుగ్గా ఉంటాడనుకున్న్యా" అంది.

సుంకమ్మ పోయిందని వినగానే జాకబ్ ఆటో అంచు మీద కూర్చుండిపోయాడు. "నిజంగానా మామా? యాడో బొరుగులమ్ముకుంటా ఉంటాదిలే అనుకున్న్యా. ఎప్పుడన్నా ఎదురైతే చెప్పల్లనుకున్న్యా గూడా."

"ఏం చెప్పల్లని?"

"నాకు మూత్రంలో రాళ్లుండె. నీళ్లు తాగు తాగు అని డాక్టరు చెప్పె. మా ఇంటామె ఎలిజబెత్తు చెప్పె. ఎవరు వింటారు? ఈ డబ్బా తగిలించుకున్నాక పొద్దస్తమానం చెవులో ఇదే మాట. ఆమె అన్నప్పుడల్లా ఒక గుక్క తాగుతా." హ్యాండిలుకు వేలాడుతున్న పెద్ద బాటిలు చూపించాడు. "రాళ్లు యాడికి పాయనో పాయ."

"బిందెలకు బొరుగులని యాల అరిపిస్తావప్పా?" ఓబన్న అడిగాడు. అడగాలనుకున్నది అది కాదు, కానీ వ్యాపారం చేసినవాడు గదా, అదే నోట్లోకి వచ్చింది.

"మార్చి చూసినా మామా. దీంట్లోది చెడిపోతాదేమోనని ముట్టుకోకుండా, మొదట ఇంకో డబ్బా కొని నా గొంతు ఎక్కించినా. కుక్కలొచ్చినాయి. మా ఎలిజబెత్తు చర్చిలో పాడుతాది, దానితో చెప్పించినా. ముసిలోల్లు చేతులు జోడించుకోని బయటికొచ్చినారు, బిందె ఒక్కటి పోలేదు. ఈ డబ్బాకే ఇండ్లల్లోంచి జనం వస్తారు. వచ్చి తిడతారు. తిట్టి తిట్టి, వచ్చింది వచ్చినాం గదా అని ఒక చెంబన్నా తీస్కపోతారు." చేతులు దులుపుకున్నాడు. "ఇది లేకుంటే నా బండి నడవదు మామా. నీకు ఇయ్యననలే. ఉండు, ఫోన్లో ఎక్కించి, చిన్న కార్డులో వేసిస్తా. బటన్ల ఫోన్లో అయినా పాడుతాది. దినామూ వినొచ్చు."

ఓబన్న రెండు చేతులూ చాపాడు. జాకబ్ మైకు డబ్బా విప్పి ఆయన చేతుల్లో పెట్టి, ఛార్జింగుకు పెట్టిన ఫోను తీయడానికి ఆటోలోకి దూరాడు.

డబ్బా ఎండకు వేడిగా ఉంది. పిడి మీద సుంకమ్మ చుట్టిన ఎర్ర గుడ్డపీలిక ఇంకా ఉంది, మాసిపోయి. ఓబన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. వీధి మొత్తానికి కాకుండా, తనొక్కడికే, ఒక్కసారి వినాలనిపించింది. రెండు బటన్లున్నాయి, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. అన్నేళ్లలో సుంకమ్మ ఒక్కసారీ ముట్టుకోనివ్వలేదు. ఎర్రది కొంచెం పెద్దగా ఉంది. నొక్కాడు.

ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "ఇదేమప్పా, మాట్లాడదే" అన్నాడు.

వేలు తీశాడు. డబ్బా మాట్లాడింది.

"ఇదేమప్పా, మాట్లాడదే. ఇదేమప్పా, మాట్లాడదే. ఇదేమప్పా, మాట్లాడదే."

గుండ్లపల్లి వీధి చివరిదాకా వినపడేలా, ఓబన్న గొంతే ఓబన్నను అడుగుతూ ఉంది. జాకబ్ ఫోను చేతిలో పట్టుకుని బయటికొచ్చి, అక్కడే బిగుసుకుపోయాడు. తర్వాత మెల్లగా వచ్చి డబ్బా తీసుకుని ఆపాడు. నల్ల బటన్ వొత్తి చూశాడు. అదే మాట. తిప్పి చూశాడు, తట్టి చూశాడు. అదే మాట.

"ఎర్రది కొత్తది ఎక్కించుకునేదానికి మామా" అన్నాడు.

ఓబన్న తాడు విప్పి, టబ్బు దించి, బోర్లించి దానిమీద కూర్చున్నాడు. నీ చెయ్యి పడితే ఏదీ బతకదు అని సుంకమ్మ ఊరికే అనలేదు. మొదటిసారి అక్క పంపించింది, సరే. ఈసారి పంపించింది తన వేలే. ఆ వేలును మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఎదురింట్లోంచి కుట్టుమిషను చప్పుడు ఆగి, మెడలో టేపు వేసుకుని అరుణజ్యోతి బయటికి వచ్చింది. ఆ ఊరికంతా జాకెట్లు కుట్టేది ఆమే.

"ఏమి జాకబూ, సగంలో గమ్మునైపాయ? ఇంగా నీళ్ల మాట రాలేదే."

జాకబ్ చెప్పాడు. ఆడవాళ్లు తలొక ముక్క అందించారు. అరుణజ్యోతి అంతా విని, ఓబన్న వైపు చూసి, జాకబ్ వైపు చూసి, "ఇద్దరు మగోల్లు కలిసి ఒక డబ్బా పట్టుకోలేకపోయినారు" అంది. తర్వాత టబ్బు పక్కన చతికిలబడింది. "డబ్బాలోది పోతే పోయింది. మా నోట్లో ఉండాది గదా. వారం వారం విన్లేదా? సూడు." గొంతు సవరించుకుంది. "బొరుగులో, బొరుగులు, కరకరమనే బొరుగులు..."

"అట్ల కాదే" అంది పొడుగ్గా ఉంటాడనుకున్న ఆమె. "బొరుగులూ అని కడాకు లాగుతాది. బొరుగులూ..."

"లాగేది మొదట్లోనమ్మా. బోరుగులో..."

"అది కన్నడోల్ల లెక్కుండాది."

గొడవ పెరిగింది. వీధిలో ఇంకో నలుగురు చేరారు. ఒకామె పండ్లూడిన వాళ్లను ముందు పిలిచింది, ఇంకొకామె వాళ్లు కడాకు వస్తారని కొట్లాడింది. ఒక ముసలమ్మ తనకు పండ్లు లేవు కాబట్టి ఆ సంగతి తనకే తెలుసునంది. ఎవరికి వారు తమదే సరైన కేక అని గట్టిగా అరిచేసరికి, బొరుగులు నిజంగానే వచ్చాయనుకుని పక్క వీధిలోంచి ఇద్దరు గిన్నెలు పట్టుకుని వచ్చారు.

ఓబన్న తల దించుకుని వింటున్నాడు. ఇది కాదు. ఇదీ కాదు. ఏది కాదో చెవికి తెలుస్తోంది. ఏది కాదో తెలుస్తోందంటే, ఏది అవునో లోపలెక్కడో ఉన్నట్టే. ఆ ఆలోచన వచ్చేసరికి తలెత్తాడు.

"కాదు" అన్నాడు.

అందరూ ఆగారు.

"బొరుగు అని ఆడ ఆగేది తునిగినట్టు కాదు. ఎగిరినట్టు. గతుకులో బండి ఎగురుతాది గదా, మాట ఆడ ఎగిరి, మల్లా కింద పడుతాది. లూ అని. ఎన్నేండ్లో బండి మీదనే అరిసె ఆయమ్మ. వాకిట్లో కూసోని ఎక్కించినా ఆ ఎగురుడు పోలేదు." కొంచెం ఆగి అన్నాడు. "ఆ ఎగురుడు నా బండిది."

"అట్లయితే నువ్వే అను" అంది అరుణజ్యోతి.

ఓబన్న నోరు తెరిచాడు. రాలేదు. మళ్లీ తెరిచాడు. రామక్క గొంతు వచ్చేటట్టుంది, వెంటనే మూసేశాడు. చుట్టూ చూసి, లేచి, టీవీఎస్ ఎక్కి కూర్చున్నాడు. స్టాండు మీద ఉన్న బండిని హ్యాండిలు పట్టుకుని, కళ్లు మూసుకుని, కూర్చున్నచోటే ఎగిరాడు. ఒకసారి, రెండుసార్లు. బండి కిర్రుకిర్రుమంది. ఎవరికో నవ్వొచ్చింది, అరుణజ్యోతి ఆమెను మోచేత్తో పొడిచింది.

"బొరుగులో..." అన్నాడు ఓబన్న. "బొరుగు..." బండి లేచింది. "లూ."

"అదే" అంది పండ్లు లేని ముసలమ్మ.

జాకబ్ చప్పుడు చేయకుండా వచ్చి డబ్బా ఆయన నోటి ముందర పెట్టి ఎర్ర బటన్ మీద వేలు వేశాడు. ఓబన్న చూడలేదు. మగ గొంతే, అందులోనూ బీడీలకు చెడిపోయిన గొంతు. కానీ నడక సుంకమ్మది. కరకరమనే దగ్గర పరుగు, పండ్లుండే వాళ్ల దగ్గర కొంచెం గర్వం, పండ్లూడిన వాళ్ల దగ్గర జాలి, ఉగ్గాని దగ్గర నోరూరడం, అన్నీ ఆయనకు తెలియకుండానే వరసగా వచ్చాయి. వీపు వెనక మూటల మధ్యన కూర్చుని ఎవరో అందిస్తున్నట్టు, ఆయన ముందర కూర్చుని అంటున్నట్టు.

"...ఉగ్గానికి బొరుగులో..."

కేక అయిపోయింది. తర్వాత, ఎవరూ సైగ చేయకుండానే, ఆడవాళ్లందరూ ఒక్కసారి అందుకున్నారు. ఆ ముక్క దగ్గర మాత్రం ఎవరికీ ఎవరితోనూ గొడవ లేదు. రోజూ మొగుళ్ల మీద వాడుతున్న మాట అది.

"యోవ్, చాల్లే. నోరెండిపాయ. నీళ్లు తీస్కరా."

ఓబన్న బండి దిగాడు. నాలుగడుగులు వేసి, ఆటో హ్యాండిలుకున్న బాటిలు తీసి, మూత విప్పి, వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. చాపాక గానీ కళ్లు పూర్తిగా తెరవలేదు. ఎదురుగా ఇంతమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బాటిలు ఎవరికివ్వాలో తెలియలేదు.

అరుణజ్యోతి వచ్చి అందుకుంది. పొద్దున్నుంచి మిషను ముందు కూర్చున్న మనిషి, నిజంగానే దాహంగా ఉంది. ఎత్తి ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"ఇవేం నీళ్లప్పా, కాగినాయి."

ఓబన్న ఆమెవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ ముక్క డబ్బాలో ఏనాడూ లేదు. ఈ ఊళ్లో ఎవరూ విని ఉండరు. అడుగుదామని నోరు తెరిచాడు గానీ, ఏమని అడగాలి? ఎండలో ఉన్న నీళ్లు కాగవా?

"అయ్యో" అన్నాడు జాకబ్. వేలు ఇంకా ఎర్ర బటన్ మీదే ఉంది. "ఇది గూడా ఎక్కిపాయ. ఉండు మామా, తీసేసి మల్లా మొదట్నుంచి..."

"ఉండనీలే" అన్నాడు ఓబన్న గబుక్కున. "కడాదాకా ఎవురు వింటారు?"

జాకబ్ ఆ కొత్త కేకను ఫోన్లోకి పట్టుకున్నాడు. మెమొరీ కార్డు సాయంత్రానికి కంబదూరులో ఇప్పిస్తానన్నాడు. టబ్బు మాత్రం వాపసు తీసుకోలేదు. తట్టి చూసి, "దిట్టమైన మాలు, ఇప్పుడివి రావు" అని తనే మళ్లీ టీవీఎస్‌కు కట్టాడు. కడుతూ, ముడి మీదనే చూపు పెట్టి అన్నాడు.

"మామా, దినామూ తిట్లు తినలేకుండా ఉండా. రేపు కళ్యాణదుర్గం బట్టీకి పోయి రెండు మూటలు బొరుగులు తెస్తావా? నా బండి వెనకనే నీ బండి. నేను అరిపిస్తా, నువ్వు కొలిచియ్యి. గిన్నెలు తెచ్చినోల్లు గిన్నెల్తోనే పోతారు పాపం."

"గాలిమర కాడ పనుండాదప్పా."

"గాలిమరను ఎవురెత్తుకపోతారు మామా?"

ఓబన్న తాడు ముడి ఒకసారి లాగి చూసుకున్నాడు. బండి స్టార్టు చేశాడు. కదిలేముందు అరుణజ్యోతి వచ్చి, ఎండలో పోతున్నావని సగం మిగిలిన బాటిలు ఆయన హ్యాండిలుకు తగిలించింది. బాటిలు తనదని జాకబ్ అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

గుండ్లపల్లి దాటాక దారిలో మనుషులెవరూ లేరు. అటు సెనక్కాయ చేన్లు వాన కోసం ఖాళీగా పడి ఉన్నాయి, ఇటు కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. మొదటి గతుకుకు టబ్బు ఎగిరి ఆయన వీపు మీద చరిచింది. ఓబన్న అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చిన్నగా మొదలుపెట్టాడు, తర్వాత పెద్దగా అన్నాడు. బొరుగులో, బొరుగు, గతుకు, లూ. చివరి ముక్క దాకా వచ్చి, అక్కడ ఆగి, బండి పక్కకు తీసి, బాటిలు మూత విప్పి తాగాడు.

"కాగినాయి" అన్నాడు పైకే, వెనక్కి తిరిగి.